తాతగారి ఇల్లు గట్టిదా, బిల్డర్ కట్టే ఫ్లాటు గట్టిదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విశాఖపట్నం మహారాణిపేటలో మీ తాతగారు 1949లో కట్టించిన ఇల్లుంది, స్థలం 400 గజాలు. ఒక బిల్డర్ వచ్చి స్టిల్టు (కింద కార్లకి వదిలే పిల్లర్ల అంతస్తు) మీద ఐదంతస్తులు వేస్తాను, చెరిసగం అంటున్నాడు. మీ అన్నయ్యగారేమో విదేశాల్లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిన ఇళ్ళ మీద ఏదో వీడియో చూసి, "ఆ కాలం ఇళ్ళు రాళ్ళండీ, ఇప్పటివి ఇరవై ఏళ్ళకే పెచ్చులూడిపోతాయి, ఇవ్వొద్దు" అని పట్టుబట్టి కూర్చున్నారు. అప్పటికీ ఇప్పటికీ ఇళ్ళ కట్టుబడిలో అసలు మారిందేమిటి, ఎవరి మాట నమ్మాలి అని మీ ప్రశ్న.

నేను సివిల్ డిప్లొమా చేసి ఈ ఊళ్ళోనే నలభై ఏళ్ళు సైట్ల మీద తిరిగి రిటైరయ్యాను. మా నాన్న తాపీమేస్త్రి. ఆయనది సున్నం చెయ్యి, నాది సిమెంటు చెయ్యి, ఇంట్లో ఈ గొడవ మీరు పుట్టకముందు నుంచే ఉంది. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీ అన్నయ్యగారి మాటలో సగం నిజం. మిగతా సగం, కూలిపోయి ఈరోజు మన కంటికి కనబడని ఇళ్ళలో ఉంది. 1951 జనాభా లెక్కల్లో విశాఖపట్నం అప్పుడే లక్ష దాటింది. ఆ లక్షమందీ మీ తాతగారి ఇంటిలాంటి ఇళ్ళలో ఉన్నారనుకుంటున్నారా? కూలీనాలీ చేసుకునేవాళ్ళూ, జాలరి పేటల్లో వాళ్ళూ ఎక్కువమంది తాటాకు కిందే ఉండేవారు. ఎండాకాలంలో ఒక కొంపకి నిప్పంటుకుంటే వరసంతా బూడిదే. ఆ తర్వాత మట్టిగోడల పెంకుటిళ్ళు, అవి కూడా వానకి కరిగి, చెదలు తిని, మనుషులు పంచుకుని పోయాయి. ఈరోజు మిగిలింది డబ్బున్నవాళ్ళు, మంచి మేస్త్రిని పెట్టి, దగ్గరుండి కట్టించుకున్న ఇళ్ళు. వాటిని పట్టుకెళ్ళి ఇప్పటి సగటు అపార్ట్‌మెంటు పక్కన నిలబెడితే పోలిక ఎక్కడ కుదురుతుంది?

ఇంకోటి, అప్పట్లో సున్నంతో కట్టారంటే అదేదో గొప్ప తెలివి అనుకుంటారు. నిజానికి వేరే గతిలేక. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు మన హార్బరు మీద బాంబులేశాక ఊరు సగం ఖాళీ అయిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. యుద్ధం నడిచినన్నాళ్ళూ సిమెంటూ ఇనుమూ మిలిటరీకే పోయాయి. యుద్ధం అయిపోయినా కొరత పోలేదు, కంట్రోలూ పోలేదు. సిమెంటు మీద కంట్రోలు 1982లో కొంత సడలి, 1989లో పూర్తిగా ఎత్తేశారంటే చూడండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా పది బస్తాల సిమెంటుకి పర్మిట్ రాయించుకోవడానికి పంచె కట్టుకున్న పెద్దమనుషులు ఆఫీసు అరుగు మీద పొద్దుటినుంచీ కూర్చునేవారు. అంచేత 1949లో ఇల్లు కట్టాలంటే దొరికేవి ఇటుక, సున్నం, కొండరాయి, టేకు, పెంకు. దొరికినవాటితో కట్టారు.

ఆ సున్నం పని సంగతి చెప్పాలి, ఎందుకంటే అసలు గుట్టంతా అక్కడే ఉంది. బట్టీలో కాల్చిన సున్నాన్ని నీళ్ళు పోసి చల్లార్చి, ఇసుక కలిపి గానుగలో వేసి ఎద్దుతో తిప్పేవారు. రోజులో అయ్యే పని కాదు. మిద్దె పైన వేసే గచ్చుకైతే బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి, చెక్కలు పట్టుకుని కూలివాళ్ళు వరసగా కూర్చుని రోజుల తరబడి కొట్టేవారు. నాన్న ఆ గచ్చు మీద గోరు గీసి చూసేవాడు. గీత పడితే "ఇంకా కొట్టండి" అనేవాడు, అంతే, ఆయన క్వాలిటీ కంట్రోల్ ఆ బొటనవేలి గోరే. ఆ సున్నం గాలి పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. గోడేమో పద్ధెనిమిది అంగుళాలు, తక్కువలో తక్కువ పద్నాలుగు. పునాది కొండరాయి. అంత లావు గోడ మీద పడే బరువు, ఆ గోడ మొయ్యగలిగిన దాంట్లో చిన్న వంతే. మేస్త్రి రెండు వరసలు తప్పు పేర్చినా, ఇటుకలో నాలుగు సరిగ్గా కాలకపోయినా, పునాది ఒక మూల వెంట్రుకవాసి కుంగినా ఆ గోడ సర్దుకుపోతుంది. దాని కడుపులో తుప్పు పట్టడానికి ఇనుము కూడా లేదు.

నేననేది ఇదే. పాత ఇల్లు తప్పుని ఓర్చుకుంటుంది, కొత్త ఇల్లు ఓర్చుకోదు. కొత్త ఇల్లు బలహీనమైందని కాదు. బలం లెక్క చాలా పెరిగింది, కానీ ఆ లెక్క సన్నటి పిల్లర్ల మీద, చిటికెనవేలంత రాడ్డు మీద, దాని మీద కప్పిన ఒకటిన్నర అంగుళం కాంక్రీటు మీద ఆధారపడింది. ఒక్కచోట తేడా చేస్తే అది ఊరుకోదు, పదిహేనేళ్ళాగి మరీ బిల్లు పంపుతుంది.

అలాగని పాత ఇళ్ళని నెత్తికెత్తుకోకండి. తొంభైల్లో వన్‌టౌన్‌లో ఒక పాత మేడ విప్పించాను. గోడ కొట్టడానికి ఇద్దరు మనుషులు పూటంతా గునపాలు వేస్తే గజం గోడ రాలేదు, రాయి తగిలిన చోట నిప్పురవ్వలు లేచాయి. మా కుర్రాళ్ళు "సార్, ఇది మనల్ని విప్పేలా ఉంది" అన్నారు. అదే ఇంట్లో పైకప్పు టేకు దూలం, పెద్దాయన ఎవరో ఏటా రంగు వేయిస్తూ వచ్చారు, నిగనిగలాడుతోంది. గోడలోకి దిగిన చివర దగ్గర నేను బొటనవేలు పెట్టి నొక్కితే వేలు కణుపుదాకా లోపలికి పోయింది. లోపలంతా చెదపుట్ట. రంగే దూలాన్ని మోస్తోందన్నమాట. ఆ దూలం కింద మంచం వేసుకుని ఆ ముందురోజు దాకా ఒక ముసలావిడ పడుకుంది. ఇప్పటికీ పాత ఇల్లు చూడమని ఎవరు పిలిచినా నేను ముందు చూసేది గోడ కాదు, గోడలో కలిసే దూలం చివర.

ఇక వసతి సంగతి. మీ తాతగారి ఇంట్లో దొడ్డి ఎక్కడుండేదో అమ్మగారిని అడగండి. పెరటి చివర ఉండేది, దాన్ని శుభ్రం చెయ్యడానికి తెల్లవారకముందే సందులోంచి మనిషి వచ్చేది. ఆ పనిని చట్టం నిషేధించడానికి 1993 దాకా పట్టింది, మళ్ళీ 2013లో గట్టి చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది. నీళ్ళు నూతిలోవి, వంట పొగలో. హాలంత ఎత్తు పైకప్పు కింద ఎనిమిది, పదిమంది రెండు గదుల్లో సర్దుకునేవారు. ఎత్తు పన్నెండు, పద్నాలుగు అడుగులు ఉండటంవల్ల, పైన వెంటిలేటర్లు ఉండటంవల్ల ఉక్క తెలిసేది కాదు. అదొక్కటీ ఇప్పటి ఇళ్ళకంటే నయం, ఒప్పుకుంటాను.

ఇంట్లో మనిషికి కనీసం ఎంత చోటుండాలి అని దేశం మొత్తానికి ఒక పుస్తకం వచ్చింది 1970లో, నేషనల్ బిల్డింగ్ కోడ్. తర్వాత 1983, 2005, 2016ల్లో మార్చారు. ఉండే గది కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే వంద చదరపు అడుగుల పైచిలుకు, వెడల్పు 2.4 మీటర్లకి తగ్గకూడదు. రెండు గదులుంటే రెండోది 7.5 దాకా తగ్గించుకోవచ్చు. ఎత్తు 2.75 మీటర్లు. బాత్రూమూ లెట్రినూ కలిపితే 2.8. ఇవి కనీసాలు మాత్రమే, ఇంతకంటే తగ్గొద్దు అని. మనవాళ్ళు కనీసాన్నే గరిష్ఠం చేశారు, అది వేరే సంగతి.

మీ అన్నయ్యగారు చూసిన వీడియో గురించి ఒక ముక్క. ఇంగ్లండులో యుద్ధంలో ఇళ్ళు పోయినవాళ్ళకి 1944 చట్టం కింద లక్షన్నరకి పైగా ప్రీఫ్యాబ్ ఇళ్ళు, ఫ్యాక్టరీలో ముక్కలు చేసి తెచ్చి బిగించినవి, ఇచ్చారు. పది, పదిహేనేళ్ళకి అని కట్టారు, కొన్నింటిలో జనం అంతకు చాలా ఎక్కువకాలమే ఉన్నారు. చిన్న ఇల్లే, కానీ లోపలే స్నానాల గది, వేడినీళ్ళు, ఫ్రిజ్. అమెరికాలో 1947లో లెవిట్‌టౌన్ ఇళ్ళు మొదలయ్యాయి, 750 చదరపు అడుగులు, ఒక జట్టు పునాదులే వేసుకుంటూ పోవడం, వెనక ఇంకో జట్టు తలుపులే బిగించుకుంటూ పోవడం. 1961లో ఇంగ్లండులో పార్కర్ మోరిస్ కమిటీ కూర్చుని మంచం, బీరువా, బల్ల ఎంత చోటు పడతాయో కొలిచి ఇంటి సైజులు చెప్పింది, ప్రభుత్వ ఇళ్ళకి అవి తప్పనిసరి చేశారు, 1980లో ఖర్చు ఎక్కువని ఎత్తేశారు. అంటే అక్కడ కూడా "పాతవి గట్టివి" అనేది సగం కథే. అక్కడ పాతవాటిలో విశాలమైనవి ఉన్నాయి, తాత్కాలికంగా బిగించినవీ ఉన్నాయి. ఆ వీడియో పట్టుకుని మహారాణిపేట ఇంటి మీద తీర్పు చెప్పకూడదు.

మన ఊరికి మార్పు కంపెనీల వెంట వచ్చింది. పోర్టు 1933 నుంచీ ఉంది. సింధియా వాళ్ళ షిప్‌యార్డులో 1948లో జలఉష అనే ఓడని నెహ్రూ నీళ్ళలోకి దింపారు. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, అరవైల్లో బీహెచ్‌పీవీ ఫ్యాక్టరీ, డెబ్బైల్లో జింకు ఫ్యాక్టరీ. ఒక్కో కంపెనీతో ఒక్కో కాలనీ వచ్చింది. పనివాడికి రెండు గదులు, వంటిల్లు, ఇంట్లోనే కొళాయి, మరుగుదొడ్డి, పైన కాంక్రీటు శ్లాబు, ఇవన్నీ ఒకేచోట చాలామంది మధ్యతరగతి జనం మొదట చూసింది ఈ క్వార్టర్లలోనే. మా మేనమామ క్వార్టర్ వచ్చిందని చూడ్డానికి వెళ్ళి మా అమ్మ ఆ కొళాయి తిప్పి, కట్టి, మళ్ళీ తిప్పి చూసుకుంది. ఆ తర్వాత అందరికీ డాబా మోజు పట్టుకుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ సిమెంటు మాలుతో, మీద నాలుగున్నర అంగుళాల శ్లాబు, నున్నటి ప్లెయిన్ రాడ్లు. ఇంకా గోడే బరువు మోసేది కాబట్టి ఆ డాబాలు కూడా చాలావరకు బాగానే నిలబడ్డాయి. పాత సీతమ్మధారలో, దొండపర్తిలో అలాంటివి ఇప్పటికీ కనిపిస్తాయి.

అసలు తంటా 1980 నుంచి 2000 మధ్య మొదలైంది. నా మాట నమ్మండి, ఈ ఊళ్ళో భయపడాల్సింది 1949 ఇళ్ళకి కాదు, 2020 ఇళ్ళకీ కాదు, ఈ మధ్యకాలం వాటికి.

ఎందుకో చెప్తాను. 1978లో వుడా, అంటే ఊరి అభివృద్ధి సంస్థ, వచ్చింది. ఎంవీపీ కాలనీ లేఅవుటు లేచింది. స్టీల్‌ప్లాంటు పనులు ఊపందుకున్నాయి, బయటినుంచి జనం దిగారు, ఇంటి లోన్లు మామూలు ఉద్యోగికి అందాయి, 1987లో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది, 1989లో సిమెంటు డబ్బు పెడితే చాలు దొరకడం మొదలైంది. ద్వారకానగర్, డాబాగార్డెన్స్, ఆశీల్‌మెట్ట ఎక్కడ చూసినా పిల్లర్లే. బరువంతా గోడ నుంచి పిల్లర్ల మీదికి మారింది, గోడ ఉత్త తెర అయిపోయింది. ఇల్లు కట్టే పద్ధతి మొత్తం మారిపోయింది, కట్టే చేతులు మాత్రం మారలేదు. సున్నం గోడ కట్టిన మేస్త్రే కాంక్రీటూ పోశాడు, "కొంచెం అటూ ఇటూ అయినా ఏం కాదులే" అన్న పాత ధీమాతో. గోడకి ఏం కాదు. రాడ్డుకి అవుతుంది.

రాడ్డు సంగతికొస్తే, మొదట నున్నటివి, ఆ తర్వాత మెలి తిప్పిన టోర్ రాడ్లు, ఇప్పుడు టీఎంటీ, అంటే వేడి మీదుండగా నీళ్ళతో చల్లార్చి గట్టిచేసినవి. టోర్ అంటే ఇనుమును చల్లగా ఉండగానే మెలిపెట్టి బలం తెప్పించింది. బలం వచ్చేది, దాంతోపాటు తుప్పూ తొందరగా వచ్చేది, సముద్రం ఒడ్డున నేను విప్పి చూసిన ప్రతిచోటా ఇదే. మన స్టీల్‌ప్లాంటు టీఎంటీ అందరికీ అందుబాటులోకి వచ్చాక ఆ బాధ తగ్గింది.

కాంక్రీటులో రాడ్డు ఎందుకు బతుకుతుందో ఒక్క నిమిషం చూడండి. సిమెంటుకి క్షారగుణం ఉంటుంది, అది రాడ్డు చుట్టూ పొరలా పట్టుకుని తుప్పు రానివ్వదు. బయటినుంచి ఉప్పు లోపలికి చేరితే ఆ పొర పోతుంది. తుప్పు పట్టిన ఇనుము రెండింతలు, ఇంకా ఎక్కువే ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు పైన కాంక్రీటుకి చోటు లేదు, పగులుతుంది, పెచ్చు ఊడుతుంది, ఆ సందులోంచి ఇంకా గాలీ తేమా వెళ్తాయి. మన బీచ్‌రోడ్డు గాలిలో ఎప్పుడూ ఉప్పు ఉంటుంది, కిటికీ గ్రిల్లు తుడిస్తే చేతికి అంటుతుంది చూడండి. కాబట్టి ఇక్కడ ఇంటి ఆయుష్షంతా రాడ్డుకి బయట ఎంత మందం కాంక్రీటు ఉంది, ఆ కాంక్రీటు ఎంత చిక్కగా ఉంది అన్న రెండు మాటల మీదే నడుస్తుంది. ఆ మందాన్నే మేం కవర్ అంటాం.

కాంక్రీటు పద్ధతులు చెప్పే ఐఎస్ 456 అనే కోడ్ 1953లో మొదలై చాలాసార్లు మారింది. 1978 కూర్పులో శ్లాబుకి కవర్ మామూలుగా 15 మిల్లీమీటర్లు, సముద్రం దగ్గరైతే అదనంగా కలపమన్నారు. ఆ అదనం మాట సైట్లో విన్నవాడు లేడు. కాంక్రీటు ఎం15 (ఎం పక్కన అంకె దాని బలం, అంకె పెరిగేకొద్దీ గట్టిది). 2000 కూర్పుకొచ్చేసరికి భాషే మారింది. తీరప్రాంతపు గాలికి నేరుగా తగిలే కట్టడానికి ఎం30, కవర్ 45 మిల్లీమీటర్లు, సిమెంటు కిలోకి నీళ్ళు 0.45 కిలోకి మించకూడదు అని స్పష్టంగా రాశారు. ఒక్కసారి ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోండి, 15, 45. ఊరికే మూడు రెట్లు పెంచలేదు, పెచ్చులూడిన ఇళ్ళు చాలా చూశాకే పెంచారు.

నా సొంత కథ కూడా చెప్తాను, సిగ్గుపడాల్సిందే అయినా. 1994లో పెదవాల్తేరు వైపు నేనూ ఒక ఫ్లాటు కొన్నాను. ఇంజినీరునై ఉండి, వేరే సైటులో తలమునకలై శ్లాబు రోజు వెళ్ళలేదు. 2009లో వంటింటి పైన సీలింగులో సన్నటి గీత, రాడ్డు ఎటు వెళ్తే అటే తిన్నగా. మా ఆవిడ సున్నం పట్టీ పెట్టించమంది. నేను స్టూలెక్కి రూపాయి బిళ్ళతో కొట్టి చూశాను. పక్కన టక్ టక్, గీత దగ్గర డొల్ల. సుత్తితో తడితే అరచేయంత పెచ్చు, ఒకవైపు తుప్పు రంగుతో, స్టవ్ మీద పడింది. రాడ్డు కింద కాంక్రీటు స్కేలు పెట్టి కొలిచాను, 8 మిల్లీమీటర్లు. పోసేటప్పుడు రాడ్ల కింద కవర్ బిళ్ళలు పెట్టలేదు, కంకర పిక్క ముక్కలు ఎగదోశారు, పోసేవాళ్ళు తొక్కితే అవి జారిపోయాయి. క్యూరింగు, అంటే పోశాక గట్టిపడేదాకా తడపడం, బోరు నీళ్ళతో చేశారట, ఆ బోరు నీళ్ళు మేం తాగితే ఉప్పగా ఉండేవి. రాడ్లున్న కాంక్రీటు కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని కోడ్ మాట, క్యూరింగుకీ అలాంటి నీళ్ళే కావాలి. బిల్డరుని అడిగితే, "సార్ మీరే ఇంజినీరు, అప్పుడు చూసుకోవలసింది" అన్నాడు. ఏం చెప్తాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊరంతా ఒకేసారి పరీక్ష రాసింది. మన ఊరికి గాలి లెక్క సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు, అది కోడ్‌లో ముందునుంచే ఉంది. తుపాను కూడా దరిదాపుగా అంత గాలితోనే వచ్చింది. మర్నాడు పొద్దున్న నేను తిరిగి చూసిందేమిటంటే, పిల్లర్ల బిల్డింగులు దాదాపు అన్నీ నిలబడ్డాయి. పోయినవి అల్యూమినియం స్లైడింగు కిటికీలు, గ్లాసు ముఖాలు, పైన రేకుల షెడ్లు, ప్లాస్టిక్ ట్యాంకులు. పిల్లరుకి గాలి లెక్క వేసినవాడు కిటికీకి వెయ్యలేదు. పాత పెంకుటిళ్ళయితే పెంకులు పేకముక్కల్లా ఎగిరిపోయి, ఇల్లంతా ఆకాశం కనబడింది. మీ తాతగారి ఇంటి పైకప్పు అప్పుడు ఏమైందో మీరు రాయలేదు, అది ముఖ్యం.

ఈమధ్య మార్పులు తొందరగా చెప్పేస్తాను. ఎర్ర ఇటుక పోయి ఫ్లైయాష్ ఇటుక వచ్చింది, పరవాడ సింహాద్రి థర్మల్ బూడిద పక్కనే ఉండగా ఎక్కడినుంచో మట్టి ఇటుక ఎందుకు తెస్తారు. బాగా ఆరిన ఇటుక వాడితే మంచిదే, పచ్చిది పేరిస్తే గోడకి మెట్లు మెట్లుగా పగుళ్ళు. ఏటి ఇసుక బదులు రాతి ఇసుక, చేత్తో కలపడం బదులు ప్లాంటులో కలిపి ట్రక్కులో తెచ్చే రెడీమిక్స్. స్థలం విలువ పెరిగి ఎత్తు పెరిగింది. 18 మీటర్ల లోపుంటే హైరైజ్ (ఎత్తైన భవనం) లెక్కలోకి వచ్చేది కాదు కాబట్టి ఊరంతా స్టిల్టు ప్లస్ ఐదే లేచాయి. చుట్టూ వదలాల్సిన ఖాళీ వదలకపోవడం, తర్వాత 2007లో ఒకసారి, 2015లో ఒకసారి వచ్చిన పెనాల్టీ స్కీముల్లో డబ్బు కట్టి రెగ్యులరైజ్ చేయించుకోవడం మామూలైపోయింది. రూలు పాటించినవాడు వెర్రివాడయ్యాడు. పేదవాళ్ళ ఇళ్ళలో ప్రభుత్వ సంస్థ టిడ్కో వాళ్ళవి చూడండి, 300, 365, 430 చదరపు అడుగులు, గోడలు కూడా కాంక్రీటే, అల్యూమినియం అచ్చులో ఒకేసారి పోసేస్తారు. చిన్నవే, వేసవిలో వేడి, గోడకి మేకు దిగదు, కానీ తాటాకు కింద ఉన్నవాడి మనవడు ఇలా కాంక్రీటు గోడలే బరువు మోసే షియర్‌వాల్ ఇంట్లో ఉంటున్నాడంటే 1949 నుంచి ఇప్పటికి ఏం మారిందో అదొక్కటే చెప్తుంది.

ఇప్పుడు మీ విషయం. ముందు పాత ఇంటిని మీరే చూసుకోండి. పొడవాటి సన్న మేకు, ఒక సుత్తి తీసుకుని ప్రతి దూలం గోడలో దిగే చోట మెల్లగా తట్టి గుచ్చండి. పావంగుళం కూడా దిగకపోతే ఆ దూలం మీ మనవల్ని కూడా మోస్తుంది. సులువుగా దిగితే ఆ గది ఖాళీ చెయ్యండి, ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత. గోడలో చెమ్మ నేలనుంచి ఎంత ఎత్తుకి ఎక్కిందో చూడండి. ఎవరైనా దాని మీద సిమెంటు ప్లాస్టరింగు చేసి ఉంటే అది తప్పు, సున్నం గోడ ఊపిరి ఆడాలి, సిమెంటు మూసేస్తే చెమ్మ ఇంకా పైకెక్కుతుంది. దూలాలు బాగుంటే బాగుచేయించుకుని ఉండొచ్చు, కానీ 400 గజాల్లో ఇద్దరన్నదమ్ముల కుటుంబాలు పాత పద్ధతిలో సర్దుకుంటాయా అన్నది నేను తేల్చేది కాదు.

ఇవ్వాలనుకుంటే, ఒక్క మెలిక గుర్తుంచుకోండి. 400 గజాలంటే 334 చదరపు మీటర్లు. ఇళ్ళు కొనేవాళ్ళ రక్షణకి వచ్చిన రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోతే ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్టరయిన ప్రాజెక్టుల్లో కొన్నవాళ్ళ డబ్బులో 70 శాతం విడి ఖాతాలో పెట్టాలి, కట్టడంలో లోపాలు ఐదేళ్ళదాకా బిల్డరే బాగుచెయ్యాలి. మీకు ఇవేవీ వాటంతటవే రావు, కాబట్టి ఆ ఐదేళ్ళ మాట అగ్రిమెంటులోనే రాయించి రిజిస్టర్ చేయించండి. మీ వాటా మెట్లూ లిఫ్టూ కలిపి చెప్పే సూపర్ బిల్టప్ అడుగుల్లో కాదు, ఇంటి లోపల వాడుకునే కార్పెట్ ఏరియాలో రాయించండి, స్థలంలో మీకు మిగిలే గజాలెన్నో విడిగా రాయించండి. టైల్సు ఏ కంపెనీవి, లిఫ్టు ఏ బ్రాండు అని జనం నాలుగు పేజీలు రాయించుకుంటారు, కాంక్రీటు ఎం30, బయటివైపు కవర్ 45, పిల్లర్లకీ బీములకీ శ్లాబుకీ కొన్న కవర్ బ్లాకులే, ప్రతి పోతకీ క్యూబులు (చిన్న కాంక్రీటు దిమ్మలు) తీసి 28 రోజులకి టెస్టు, కలపడానికీ క్యూరింగుకీ కార్పొరేషన్ నీళ్ళో టెస్టు చేయించిన నీళ్ళో, బూడిద కలిపిన పీపీసీ సిమెంటయితే 14 రోజులు తడపాలి, ఈ నాలుగు లైన్లు ఎవరూ రాయించరు. బిల్డరు మొహం చిట్లిస్తే, ఖర్చు ఎంత పెరుగుతుందో కాగితం మీద వేసి చూపించమనండి. మొత్తం మీద పెద్ద మొత్తం కాదు.

శ్లాబు పోసే రోజున మీ ఇంట్లోంచి ఒకరు అక్కడ ఉండాలి. ఇంజినీరే అక్కర్లేదు. రాడ్ల కింద బ్లాకులున్నాయో లేదో వంగి చూడటానికీ, ట్రక్కు దగ్గర కుర్రాడు "కాస్త లూజుగా ఉంటే జారుతుంది" అని పైపు పెట్టి నీళ్ళు కలుపుతుంటే "వద్దు" అనడానికీ కళ్ళూ నోరూ చాలు. మీ అన్నయ్యగారికి ఆ పని అప్పజెప్పండి, ఆయనకి ఎలాగూ ఇప్పటి బిల్డర్ల మీద నమ్మకం లేదు కదా, అలాంటి మనిషే కావాలి అక్కడ.

ముందు మాత్రం ఆ మేకు పని చెయ్యండి. ఏ దూలంలో ఎంత లోతు దిగిందో, హుద్‌హుద్‌లో పైకప్పు ఎంత పోయిందో, పునాది దగ్గర రాయి కనబడుతోందో లేదో రాసి, నాలుగు మూలల ఫొటోలు పెట్టండి. చూసి చెప్తాను.